మొదటి చాలు

భోజనాల బంతిలో కూర్చున్న మనిషి "చాలు" అన్నాడంటే, ఆ చాలు నిజమో కాదో నేను చెప్పగలను. గొప్పలు పోతున్నాడనుకుంటే అనుకోండి. ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో వడ్డన నడిపిస్తున్నవాణ్ణి, ఆపాటి గొప్ప నాకు లేకపోతే ఇంకెవరికుంటుంది? మా గోదావరి జిల్లాల్లో మొదటి చాలు మర్యాదకి అంటారు. అది అనకపోతే పక్కవాళ్ళు తిండిపోతనుకుంటారని భయం. రెండో చాలు మొహమాటానికి. మూడోది మాత్రం కడుపులోంచి వస్తుంది. మొదటి చాలుకే గరిటె వెనక్కి తీసేవాడు వడ్డనకి పనికిరాడు. పెట్టడం ఇష్టం లేక తీశాడంటారు. ఆ మాట పెళ్ళివారికి తగులుతుంది.

నోరు ఏమన్నా అననివ్వండి, నేను చేతులు చూస్తాను. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళు ఎడంగా ఉన్నాయంటే ఇంకో గరిటె పట్టినట్టే. వేళ్ళు దగ్గరగా మూసి, నడుం కాస్త వెనక్కి వాల్చాడంటే ఇక వదిలెయ్యాలి. అప్పుడు కూడా బలవంతపెడితే చివర పెరుగన్నం ముట్టకుండా లేచిపోతాడు. విస్తట్లో పెరుగన్నం మిగిలిందంటే అది తిన్నవాడి తప్పు కాదు, పెట్టినవాడి తప్పు. నా బంతుల్లో పెరుగన్నం మిగలడం చాలా తక్కువ.

ఇంతమంది కడుపులు చదివినవాణ్ణి, నా కడుపు మాత్రం చదవలేకపోయాను. వడ్డన చేసేవాళ్ళం అందరూ తిన్నాక ఆఖరి బంతిలో కూర్చుంటాం. పొద్దున్నుంచీ నిలబడి ఉంటాం, ఆకలి మామూలుగా ఉండదు. బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోసుకుంటే అయిదారు బూరెలు లెక్కలోకే వచ్చేవి కావు. మా జట్టుకి పెద్ద వంటాయన. ఆయన వండుతారు, నేను పెట్టిస్తాను, కలిసి రెండు దశాబ్దాలు చేశాం. నన్ను ఆయనే స్వయంగా దగ్గర కూర్చుని వడ్డించేవారు. నేను ఎంత తింటే ఆయన వంట అంత బాగున్నట్టు ఆయన లెక్క. నేనూ ఆయన్ని ఎప్పుడూ నిరాశపరచలేదు.

అలా అలా నూట ముప్ఫై ఎనిమిది కిలోలయ్యాను. షుగరు వచ్చింది. మోకాళ్ళు మొరాయించాయి. బంతి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేసరికి మధ్యలో ఓ ప్లాస్టిక్ కుర్చీ కావలసి వచ్చేది. వడ్డన నడిపేవాడు కుర్చీలో కూర్చుని "అక్కడ పప్పు, ఇక్కడ పులుసు" అని కేకలేస్తే చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో నాకు తెలుసు. మండపేట దగ్గర ఓ పెళ్ళిలో వంటాయన నన్ను పక్కకి పిలిచారు.

"ఈ సీజనుకి నువ్వు గుమ్మం దగ్గర తాంబూలం సంచీలిచ్చే బల్ల చూసుకోవయ్యా. కూర్చుని చేసే పని. నీకూ హాయి."

ఆయన మంచికే అన్నారు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. తాంబూలం సంచీ ఎవరైనా ఇస్తారు. మర్నాడే కొవ్వూరులో బస్సెక్కి, బ్రిడ్జి దాటి, రాజమండ్రిలో లావు తగ్గించే ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాను. మా ఆవిడ కూడా వచ్చింది. నేను చెప్పనివి చెప్పడానికి ఆవిడ ఎప్పుడూ నాతో వస్తుంది.

డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నదే గానీ మాట ఖరాఖండీ. పొట్ట పైభాగం చుట్టూ మెత్తటి పట్టీ ఒకటి వేస్తారట, బ్యాండు అంటారు. సంచీ మూతికి తాడు కట్టినట్టన్నమాట. ఆ పట్టీలోంచి సన్నటి గొట్టం ఒకటి వచ్చి, కడుపు చర్మం కింద బిళ్ళలాంటి దానికి అతుక్కుని ఉంటుంది. అందులోకి సూదితో సెలైన్ నీళ్ళెక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది.

"ఆపరేషన్ నేను చేసేస్తానండి. ఎంత బిగువు సరిపోతుందో మాత్రం మీరు చెప్పాలి, అది మనం కలిసి వెతుక్కోవాలి. ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది," అంది.

"అదెంత పని మేడమ్. అందరి కడుపులూ నాకు తెలుసు," అన్నాను. మా ఆవిడ నేల చూపులు చూసింది.

నాకు అప్పుడు కావలసింది ఒక్కటే. బ్యాండు నిలిస్తే ఒళ్ళు తగ్గుతుంది, ఒళ్ళు తగ్గితే మోకాళ్ళు నిలుస్తాయి, మోకాళ్ళు నిలిస్తే మళ్ళీ బంతి మధ్య నడుస్తాను. అది తప్పితే తాంబూలాల బల్లే.

ఆపరేషన్ బాగానే అయింది. మొదట నీళ్ళెక్కించకుండా వదిలేశారు. పల్చటి జావలతో కొన్నాళ్ళు, మెత్తటి అన్నంతో కొన్నాళ్ళు గడిపాను. తర్వాత ఓ సూది, మరో నెలకి ఇంకో సూది. కొద్దిగా తిన్నాక ఛాతీలో ఏదో చిన్నగా ఆగినట్టు తెలిసేది. ఇక చాలన్నట్టు. అక్కడ ఆపెయ్యమని డాక్టరమ్మ కాగితం మీద రాసి కూడా ఇచ్చింది. ముద్ద గోరంత ఉండాలి, పిండి అయ్యేదాకా నమలాలి, తింటూ నీళ్ళు తాగకూడదు, అని అన్నీ రాసింది. అన్నీ చేశాను, ఒక్కటి తప్ప.

నా కడుపు మొదటిసారి చాలన్నప్పుడు నేను నమ్మలేదు. ఎందుకు నమ్ముతాను? ఇరవై ఏళ్ళుగా మొదటి చాలుని నమ్మకపోవడమే కదా నా పని. మర్యాదకి అంటోందిలే అని ఇంకో ముద్ద పెట్టేవాణ్ణి. ఆ ముద్ద వెళ్ళినట్టే వెళ్ళి గొంతు కింద రాయిలా నిలిచేది. పెరట్లో కుళాయి దగ్గరికి పరిగెత్తి కక్కుకునేవాణ్ణి. కుళాయి గట్టిగా తిప్పితే చప్పుడు లోపలికి వినపడదని నా తెలివి. కక్కుకున్నాక కడుపు ఖాళీ అవుతుంది, గంటకే మళ్ళీ ఆకలి. నాకేమనిపించిందంటే, ఇంత ఆకలేస్తోందంటే బ్యాండు వదులుగా ఉన్నట్టే అని.

వెళ్ళి డాక్టరమ్మకి అదే చెప్పాను. "బాగా ఆకలేస్తోందండి. ఇంకాస్త బిగించండి."

"వాంతులేమైనా అవుతున్నాయా?"

"అబ్బే."

ఆ రోజు మా ఆవిడ చుట్టాలింట్లో ఏదో కార్యానికి వెళ్ళి నాతో రాలేదు. డాక్టరమ్మ నా మాట నమ్మి బిగించింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని. ఇడ్లీ దిగదు. అన్నం దిగదు. ముద్దపప్పు కూడా మూడో ముద్దకి మొండికేసింది. ఏం దిగుతాయో కనిపెట్టడానికి నాకు ఎక్కువ రోజులు పట్టలేదు. పాయసం దిగుతుంది. ఐస్‌క్రీము దిగుతుంది. అన్నిటికంటే హాయిగా పూతరేకు దిగుతుంది. కాగితం కంటే పల్చటిది, నాలిక మీద పెడితే చాలు కరిగిపోతుంది, నమిలే పని కూడా లేదు. అంత పల్చటి దాంట్లో ఏముంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. లోపల పంచదారా నెయ్యీ ఎంతుంటాయో నాకు తెలియకనా? పెళ్ళిళ్ళకి పెట్టెలకి పెట్టెలు నేనే ఆర్డరిస్తాను. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు, మెత్తటివే తినమన్నారుగా అని రోజుకి నాలుగు లాగించాను.

ఆ నెలలో ఓ పెళ్ళికి వెళ్ళాను, ఆఖరి బంతిలో కూర్చున్నాను. వంటాయన మామూలుగానే దగ్గరికొచ్చి గుత్తివంకాయ వేశారు. నేను కాస్త గిల్లి, పక్కకి నెట్టి, పాయసం గిన్నె దగ్గరికి లాక్కున్నాను. ఆయన గరిటె గిన్నెలో పెట్టేశారు.

"నా చేతి వంట నీకు ఎక్కడం మానేసిందన్నమాట," అన్నారు.

బ్యాండు సంగతి ఆయనకి తెలుసు. తెలిసినా మనసు ఒప్పుకోవాలిగా. ఆ రోజు నుంచి నాతో పని మాటలే తప్ప మామూలు మాటలు లేవు. నాకూ కోపం వచ్చింది. కడుపులో పట్టీ వేయించుకున్నది నేనా, ఆయనా? అలిగే హక్కు ఎవరిదండీ?

రాజమండ్రిలో తూకం ఎక్కితే మూడు కిలోలు పెరిగాను. ముద్ద దిగని మనిషి మూడు కిలోలు పెరిగాడు. ఈసారి మా ఆవిడ పక్కనే ఉంది.

"కుళాయి చప్పుడులో వినపడదనుకుంటారండీ ఈయన," అంది డాక్టరమ్మతో. "రోజుకి రెండుసార్లు కక్కుకుంటున్నారు. పూతరేకుల పెట్టె బియ్యం డబ్బా వెనక దాస్తున్నారు."

అంత సిగ్గు నేను జన్మలో పడలేదు. డాక్టరమ్మ తెల్లటి మందేదో తాగించి ఎక్స్‌రే తెర మీద చూసింది. నన్నూ చూడమంది. పైన పొట్ట ఉబ్బి, బ్యాండు కిందికి జారడానికి సిద్ధంగా ఉందట. వెంటనే సూది వేసి ఉన్న నీళ్ళన్నీ తీసేసింది.

"ఒక నెల వదులుగా ఉంచుతానండి, లోపల వాపు తగ్గుతుంది. తర్వాత మళ్ళీ మొదలుపెడదాం. కానీ ఈసారి వాంతులు మొదలైతే బ్యాండు జారిపోతుంది, అప్పుడు తీసెయ్యడం తప్ప నా చేతుల్లో ఏమీ ఉండదు. ఒక్కటి చెప్పండి. చాలని మీకు ఎలా తెలుస్తుంది?"

మూడు వందల మంది బంతిలో ఎవరికి ఎప్పుడు చాలో చెప్పే మనిషిని, ఆ గదిలో బిక్కమొహం వేసుకుని కూర్చున్నాను. చివరికి నిజం చెప్పాను. "మొదటి చాలు మేము నమ్మమండి. అది మర్యాదకి అంటారు."

డాక్టరమ్మ నవ్వలేదు. ఆవిడదీ మా వైపే, ఆవిడకి అర్థమైంది. "మీ కడుపు మీ ఇంటికొచ్చిన చుట్టం కాదు కదండీ," అంది. "దానికి మీ దగ్గర మొహమాటమెందుకు?"

బస్సులో ఇంటికొస్తూ ఆ మాటే నమిలాను. బంతిలో నేను మనిషికి ఎదురుగా నిలబడతాను గనక అతని చేతులూ భుజాలూ కనపడతాయి. తింటున్నప్పుడు నాకు నేను ఎలా కనపడతాను? నా విస్తరికి ఎదురుగా ఎవరో ఒకరు నిలబడాలి. బ్రిడ్జి దిగేలోపు మా ఆవిడతో అన్నాను. "రేపట్నుంచి నేను తింటుంటే నువ్వు ఎదురుగా కూర్చుని చూడు. నోరు చూడకు. చేతులు చూడు, భుజాలు చూడు."

"ఇన్నేళ్ళూ మీరు తింటుంటే చూడక ఏం చేశాను?" అంది. అయినా కూర్చుంది.

నా విద్య మొత్తం ఆవిడకి చెప్పాను. వేళ్ళ సంగతి, నడుం సంగతి, మాటల మధ్యలో తినడం ఆపేవాళ్ళ సంగతి. నెలాఖరుకి డాక్టరమ్మ కొద్దిగా నీళ్ళెక్కించాక అసలు పని మొదలైంది. చిన్న గిన్నెలో మెత్తగా ఉడికిన అన్నం, పెసరపప్పు, సొరకాయ కూర. గోరంత ముద్ద, నిదానంగా నమలడం. ఆవిడ పీట మీద కూర్చుని, పరీక్షలో కాపలా కాసే పంతులమ్మలా రెప్ప వెయ్యకుండా చూసేది. మొదటి రెండు రోజులూ నాకు చిర్రెత్తుకొచ్చింది. మూడో రోజు గిన్నె విసిరేద్దామనుకున్నాను. నాలుగో రోజు ఆవిడ కనిపెట్టింది.

"ముక్కు తుడుచుకున్నారు," అంది.

"కూర కారంగా ఉంది."

"కూరలో కారమే వెయ్యలేదు. నిన్నా తుడుచుకున్నారు, మొన్నా తుడుచుకున్నారు. ఎడం చేత్తో. తర్వాత రెండు ముద్దలకి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంటున్నారు. ముక్కు దగ్గరే ఆపి చూడండి ఓసారి."

ఆపాను. గిన్నెలో సగం ఉంది. చెయ్యి కడుక్కున్నాను. కుళాయి దగ్గరికి పరిగెత్తలేదు. మధ్యాహ్నం మూడింటిదాకా ఆకలెయ్యలేదు. మా ఆవిడ వైపు చూశాను, ఆవిడ గిన్నెలు సర్దుకుంటోంది. నా ఇరవై ఏళ్ళ విద్య ఆవిడ నాలుగు రోజుల్లో నేర్చేసింది. గర్వంగా అనిపించింది, కాస్త కుళ్ళుగా కూడా.

తర్వాత ఇద్దరికీ పట్టుదల పెరిగింది. ఏ ముద్దకి ముక్కులో నీరు వస్తోందో ఆవిడ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆ బిగువులో ఇరవై దాటాక వచ్చేది, సాయంత్రానికే ఆకలేసేది. వెళ్ళి డాక్టరమ్మకి అంకెలతో సహా చెప్పాం. ఆవిడ పెన్ను పక్కన పెట్టి విన్నది. కొంచెం ఎక్కించింది. పదహారుకి వచ్చింది. నెల ఆగి ఇంకాస్త ఎక్కించింది. ఏడుకే వచ్చేసింది, పైగా పడుకుంటే పొడిదగ్గు. ఈసారి నేనే ఫోన్ చేసి చెప్పాను, "మేడమ్, ఎక్కువైంది, కాస్త తియ్యండి," అని. బిగించమని బతిమాలిన నోటితోనే. చిటికెడు తీసింది. పదకొండో ముద్దకి వచ్చి కుదురుకుంది. వారం చూశాం, పది, పదకొండు, పన్నెండు, అంతే. ఇడ్లీ దిగుతోంది, అన్నం దిగుతోంది. పూతరేకు జోలికి పోవాలనే అనిపించలేదు, ముద్ద దిగుతుంటే దానితో పనేముంది?

తర్వాతి నెల వెళ్ళినప్పుడు సూది ట్రే తెచ్చి బల్ల మీద పెట్టారు. డాక్టరమ్మ నా అంకెలు విని, తూకం చూసి, తెర మీద ఓసారి చూసి, ట్రే తీసెయ్యమంది. "ఇక దీన్ని ముట్టుకోనండి. ఇదే మీ బిగువు," అంది. "ఇంత కచ్చితంగా చెప్పిన పేషెంటు నాకు ఇంతవరకూ తగల్లేదు. ఎక్కడ నేర్చుకున్నారు?"

"బంతిలో," అన్నాను. మా ఆవిడ దగ్గింది. "ఈవిడ దగ్గర," అని కూడా అన్నాను.

మరుసటి ఏడాది మాఘమాసం ముహూర్తాలకి తొంభై నాలుగు కిలోలున్నాను. సామర్లకోట వైపు ఓ పెద్ద పెళ్ళి. పొద్దున్నే వెళ్ళి బంతులు వేసే చోటు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను, మళ్ళీ వెనక్కి నడిచాను. కుర్చీ వెతుక్కోలేదు. పని లేకపోయినా ఇంకోసారి నడిచాను. ఎవరైనా చూస్తే బాగుండుననిపించింది. వంటశాలలోంచి వంటాయన చూశారు, చూడనట్టు పొయ్యి వైపు తిరిగారు.

ఆయనది మడి వంట. నైవేద్యం అయ్యేదాకా నాలిక మీద చుక్క వేసుకోరు, వాసన బట్టీ రంగు బట్టీ వండేస్తారు. నైవేద్యం అయ్యాక రుచి చూసి సరే అనడం నా వంతు, నేను సరే అన్నాకే మొదటి బంతికి విస్తళ్ళు వేస్తాం. పాత రోజుల్లో రుచి పేరుతో ఓ నిండు విస్తరి లాగించి, చెయ్యి కడుక్కుంటూ "బ్రహ్మాండం" అనేవాణ్ణి. ఆ రోజు ఆయన ఓ చిన్న ప్లేటులో అన్నీ చెంచాడు చెంచాడు వేసి నా ముందు పెట్టి, మొహం తిప్పుకుని నిలబడ్డారు.

పనసపొట్టు కూర గోరంత తీసుకున్నాను. ఆవ పెట్టిన కూర, ఆయన పేరు చెబితే చుట్టుపక్కల ఊళ్ళలో ముందు ఆ కూరే తలుచుకుంటారు. నమిలాను. మామూలుగా నేను ఇప్పుడు తినేటట్టే, పిండి అయ్యేదాకా. పుల్లగా, ఘాటుగా, బాగుంది. మింగబోతుండగా నాలిక చివర సన్నగా చేదు తగిలింది. ఇంకో గోరంత తీసుకుని మళ్ళీ నమిలాను. చేదే.

అసలే ఆయన అలిగి ఉన్నారు. చెప్పకపోతే ఏ గొడవా లేదు, ఇన్నేళ్ళూ బ్రహ్మాండమనే అన్నానుగా. కానీ నా కడుపుకి అబద్ధం చెప్పి ఎక్కడిదాకా వెళ్ళానో గుర్తొచ్చింది.

"గురువుగారూ, ఆవ చేదెక్కిందండి."

ఆయన నా వైపు తిరిగారు. కళ్ళు ఎర్రబడ్డాయి. గుండిగలోంచి కాస్త కూర తీసి నోట్లో వేసుకున్నారు. నేను నమిలినంత సేపూ ఆయనా నమిలారు. బయట పెళ్ళివారెవరో విస్తళ్ళు వెయ్యొచ్చా అని అడుగుతున్నారు.

"అవును," అన్నారు చివరికి, మెల్లగా. "ఆవాలు ఎక్కువ నూరేశాం. ఎప్పట్నుంచయ్యా ఇలా?"

"తెలీదండి. ఇవాళే తెలిసింది."

"ఇరవై ఏళ్ళు నువ్వు నా వంట తిన్నావనుకున్నాను," అన్నారు. "మింగావన్నమాట!"

ఒక్క క్షణం తిడతారనుకున్నాను. తిట్టలేదు. కొబ్బరి కోరు తెప్పించి గుండిగలో కలిపారు, చిన్న బెల్లం ముక్క చిదిమి వేశారు, మళ్ళీ చెంచాడు తీసి నా ప్లేటులో పెట్టారు. నేను నమిలి తల ఊపాను. చేదు పోయింది. అప్పుడు ఆయన తన చేత్తోనే పప్పు గిన్నె మూత తీశారు, పులుసు మూత తీశారు, వరసగా అన్నీ తీశారు. బయట మళ్ళీ కేక వినిపించింది, మూడు వందల మంది కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నారని.

ఆయన అటు తిరిగి చూడను కూడా లేదు.

"నువ్వు నిదానంగా చూడవయ్యా," అన్నారు. "బంతి ఆగుతుందిలే."